పన్నెండు వోల్టుల దగ్గర ఒకటి

జనవరి 21, మంగళవారం

ఇంటికి వచ్చి మూడు రోజులైంది. లాబ్‌లో గాలిని చల్లబరిచే పెద్ద యంత్రం చెడిపోయింది. దాని విడిభాగం ఎక్కడినుంచో రావాలట. ప్రతాప్ సార్ అందరినీ ఇళ్ళకు పొమ్మన్నారు. ఫిబ్రవరి మధ్యలో మళ్ళీ తెరుస్తారు. నాకు మాత్రం విడిగా చెప్పారు, ఖాళీగా కూర్చోకుండా, మా పేపర్ చదివి ప్రశ్నలు పంపిన రివ్యూయర్లకు జవాబు రాయమని. జవాబు ఫిబ్రవరి పద్నాలుగో తేదీలోపు పత్రికకు చేరాలి. చేరితే పేపర్ వచ్చేసినట్టే అని సార్ లెక్క.

అందుకని నారాయణఖేడ్‌లో, మా ఇంటి ముందు గదిలో, అమ్మ కుట్టుమిషన్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ కుట్టడం మానేసి చాలా కాలమైంది కానీ దాని మీద ఏదైనా పెడితే ఇప్పటికీ ఊరుకోదు. నాకు మినహాయింపు ఇచ్చింది. పీహెచ్‌డీ వల్ల ఇంట్లో నాకు దక్కిన గౌరవం ఇప్పటికి ఇదొక్కటే.

ఈ డైరీ ఎందుకు మొదలుపెట్టానో తెలియదు. జవాబు రాయాల్సినప్పుడు రాయడానికి ఇంకేదో ఒకటి కావాలి కదా.

జనవరి 22, బుధవారం

పొద్దున కరెంటు లేదు. ఫైలు తెరవలేదు.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. బాపుతో కలిసి మేడ మీద కందులు ఎండబోశాను.

జనవరి 24, శుక్రవారం

రెండో రివ్యూయర్ ప్రశ్న మళ్ళీ చదివాను. చాలా మర్యాదగా అడిగాడు. 'ఒకటి' అనే చోటును మీరెలా నిర్ణయించారు, పెంచే పొర లేని డయోడ్‌తో పోల్చి చూశారా, అని.

మొదటినుంచి రాసుకుంటాను. రాస్తూ పోతే జవాబు దానంతటదే వస్తుందేమో చూద్దాం.

మేము చేసేది అవలాంచ్ ఫోటోడయోడ్. వెలుతురును పట్టుకునే చిన్న ముక్క, మిరపగింజ కంటే చిన్నది. వెలుతురు పడగానే లోపల ఒక ఎలక్ట్రాన్ లేస్తుంది. వోల్టేజీ గట్టిగా ఇస్తే అది పరుగెత్తి ఇంకొకదాన్ని గుద్ది లేపుతుంది. ఆ రెండూ కలిసి మరో రెంటిని. అలా ఒకటి పది అవుతుంది, ఇరవై అవుతుంది. ఎంత సన్నటి వెలుతురైనా, ఎంత వేగంగా మిణుకుమన్నా దొరుకుతుంది. చిక్కేమిటంటే అది ప్రతిసారీ పదే కాదు. ఒకసారి ఆరు, ఒకసారి పదిహేను. ఈ హెచ్చుతగ్గులనే నాయిస్ అంటాం. ఎక్కువ పెంచాలి, తక్కువ నాయిస్ రావాలి. ప్రపంచంలో ఈ పని చేసేవాళ్ళందరి ఏడుపూ ఇదే.

మా ముక్క ఇరవై రెట్లు పెంచింది. నాయిస్ దాదాపు లేనట్టే వచ్చింది. పేపర్ మొత్తం ఆ ఒక్క గీత మీద నిలబడి ఉంది.

అయితే ఇరవై రెట్లు అనాలంటే ముందు ఒక్క రెట్టు ఎక్కడుందో తెలియాలి. పెరగడం ఇంకా మొదలుకాని, పడిందంతా పడినట్టే బయటికి వచ్చే వోల్టేజీ ఏదో తెలియాలి. మా లాబ్‌లో అందరూ పన్నెండు వోల్టుల దగ్గరే ఒకటి అంటారు. నాకంటే ముందువాళ్ళు రాసిపెట్టిన ప్రోగ్రామ్‌లో ఆ పన్నెండు ఉంది. నేను చేరినప్పుడూ ఉంది. ఎవరూ ముట్టుకోరు, పాత ఇంట్లో మేకులాగా. వాళ్ళ ముక్కలకు అది సరిపోయింది. మా ముక్కలో వెలుతురు పట్టే పొర వాళ్ళ దానికంటే మందం. పన్నెండు దగ్గర ఆ పొర మొత్తానికీ బలం అందకపోతే, లేచిన ఎలక్ట్రాన్లలో కొన్ని దారిలోనే పోతాయి. బయటికి వచ్చినవాటినే అన్నీ అనుకుంటాం. తర్వాత వోల్టేజీ పెంచితే ఆ మిగిలినవీ వస్తాయి. రాకుండా పోయినవి వచ్చాయంతే, పుట్టలేదు. కానీ మా లెక్కలో అదీ పెరుగుదల కిందే పడుతుంది.

పోతే అని రాశాను. పోతున్నాయని కాదు.

రివ్యూయర్ అడిగాడని, లాబ్‌లో నాతో పనిచేసే వీరేశ్, పెంచే పొర లేని ముక్క ఒకటి చేసి ఇచ్చాడు. కంట్రోల్ ముక్క అంటాం. లాబ్ మూసిన రోజే దాన్ని కొలిచాను. అంకెలు ఫైల్లో ఉన్నాయి. రెండు గీతలు పక్కపక్కన పెడితే తేలిపోతుంది. ఆ రోజు హడావుడిలో అంకెలు సరిగ్గా చూడలేదు.

జనవరి 26, ఆదివారం

గుడికి వెళ్ళాం. చర్చిని మేం గుడి అనే అంటాం. పాస్టరు జేమ్స్ అయ్యగారు నన్ను చూసి, డాక్టరమ్మ వచ్చింది అన్నారు. ఇంకా కాలేదని చెప్పాను. అయినట్టే కదా అన్నారు. ఈ మాట నాకు తప్ప అందరికీ నోరు తిరిగింది.

పాట అయ్యాక అయ్యగారు అలవాటు ప్రకారం అడిగారు. చెప్పుకునేది ఉన్నవాళ్ళు లేవండి అని. లేచిన ప్రతి ఒక్కరినీ నోరు తెరవకముందే ఒకే ప్రశ్న: "అయిందా, కావాల్నా?" అయిన సంగతైతే సాక్ష్యం. అందరూ చప్పట్లు కొడతారు. కావలసిన సంగతైతే విన్నపం. అందరూ కళ్ళు మూసుకుంటారు. రెంటినీ కలపనివ్వరు.

ఇది మా గుడిలో మాత్రమే ఉంది. దీనికి మూలపురుషుడు ప్రేమదాసు పెదనాయన. భూమి కేసు గెలిచానని ఆయన సాక్ష్యం చెప్పి, మేకను కోసి అందరికీ భోజనం పెట్టాడు. తీరా చూస్తే వకీలు గెలుస్తామని చెప్పాడంతే, తీర్పు ఇంకా రాలేదు. వచ్చాక ఓడిపోయాడు. తిన్నవాళ్ళు చాలా ఇబ్బంది పడ్డారు. అప్పటినుంచి అయ్యగారు ఈ ప్రశ్న పెట్టారు. ఇప్పటికీ ఎవరు లేచినా జనం ఒకసారి పెదనాయన వైపు చూస్తారు. ఆయనకు అలవాటైపోయింది, తల ఊపుతాడు.

అమ్మ తిరిగి వచ్చేటప్పుడు చెప్పింది. నా పేపర్ అయితే కోత పండుగనాడు సాక్ష్యం చెప్తానని మొక్కుకుందట. కోత పండుగ ఫిబ్రవరి తొమ్మిదిన.

జనవరి 29, బుధవారం

వీరేశ్ ఫోన్ చేశాడు. వీరేశ్ పొర మీద పొర పేర్చి ముక్క తయారుచేస్తాడు, నేను కొలుస్తాను. నాలుగేళ్ళుగా ఇదే మా పంపకం. అతనిది మా పక్కనే, కర్ణాటక సరిహద్దులో ఉన్న నాగల్‌గిద్ద. ఒకే బస్సులో ఎన్నిసార్లు వెళ్ళి ఉంటామో లాబ్‌లో కలిశాకే తెలిసింది. నేను కొలిచేటప్పుడు ఒక్కసారి కూడా వచ్చి పక్కన నిలబడలేదు. అంకె వచ్చాక పిలువక్కా అంటాడు. తన ముక్కను నా చేతిలో పెట్టి టీకి వెళ్ళిపోతాడు.

బెంగళూరులో సైంటిస్టు ఉద్యోగానికి అప్లికేషన్ పంపుతున్నాడు. ఎల్లుండే ఆఖరు. ఇంటర్వ్యూ వచ్చే నెల ఇరవై నాలుగున ఉంటుంది. అతనికి వయోపరిమితి దగ్గర పడింది, మళ్ళీ ఇలాంటిది రాదు.

"అక్కా, పేపర్ అయినట్టే అని రాయనా? తక్కువ నాయిస్ అని గట్టిగ రాస్తే పిలుస్తరు. కంట్రోల్ ఎట్ల వచ్చింది?"

మంచిగనే వచ్చింది, ఇంకా గీతలు గీయలేదు అన్నాను. రాసుకోవడం నీ ఇష్టం అన్నాను. నేను రాయమనలేదు. వద్దనీ అనలేదు.

తర్వాత చాలాసేపు ఇంటి వెనక కందికట్టె మోపులు సర్దాను. ఇంట్లో ఎవరూ సర్దమనలేదు.

ఫిబ్రవరి 1, శనివారం

ఫైలు తెరవలేదు. జవాబులో మొదటి రివ్యూయర్ భాగం పూర్తి చేశాను. అతను కామాల గురించి అడిగాడు.

ఫిబ్రవరి 3, సోమవారం

అమ్మ చేటలో కందులు పోసుకుని నా ఎదురుగా కూర్చుంది. సాక్ష్యానికి మాటలు కావాలి. నేను చేసింది ఏమిటో గుడిలో అందరికీ అర్థమయ్యేలా చెప్పమంది. అమ్మ సర్కారు దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. డాక్టర్లు చెప్పింది పేషెంట్లకు మళ్ళీ చెప్పడం ఆమెకు అలవాటు, కాబట్టి తొందరగానే పట్టుకుంది. ఒక వెలుతురు పడితే ఇరవై అవుతుందని, మిగతావాళ్ళవి లొల్లి చేస్తాయని, మాది చేయదని. లొల్లి అనే మాట అమ్మదే. నాయిస్‌కు నేను ఇన్నేళ్ళు వెతికిన తెలుగు మాట అది.

రెండుసార్లు అప్పజెప్పింది. తర్వాత చేట పక్కన పెట్టింది.

"అయ్యగారు అడుగుతడు గదా బిడ్డా. అయిందా, కావాల్నా అని. ఏం చెప్పాలె?"

"అయిందని చెప్పు."

"పక్కానా?"

"పక్కా."

ఆ మాట అంటున్నప్పుడు నేను లాప్‌టాప్‌లో ఒక కామా సరిచేస్తున్నాను. అమ్మ ముఖం చూడలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

కోత పండుగనాడు ఎవరు పండించింది వాళ్ళు తెచ్చి బల్ల మీద పెడతారు. కందులు, జొన్నలు, గుమ్మడికాయ, కోడి. పొలం లేనివాళ్ళు తమ చేతిపని తెస్తారు. టైలరైతే చొక్కా, మేస్త్రీ అయితే ఏమీ తేలేక సిగ్గుపడతాడు. అమ్మ నా పేపర్ పెడుతుందట. బస్టాండు దగ్గర జిరాక్స్ సెంటర్లో రంగుల్లో ప్రింట్ తీయించాను. నాయిస్ గీత ఎర్రగా, చక్కగా, నేలకు అంటుకుని ఉంది. షాపతను ఇది ఏ ఊరి భూమి మ్యాపు అని అడిగాడు.

ప్రింట్ పట్టుకుని వస్తూ ఇవాళ తెరుస్తానని అనుకున్నాను.

కల్హేర్ నుంచి మేనత్త వచ్చింది. తెరవలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

కోత పండుగ.

గుడి నిండిపోయింది. బయట షామియానా వేశారు. బల్ల మీద బాపు తెచ్చిన కందుల సంచి, దాని మీద నా పేపర్. ఎగిరిపోకుండా అమ్మ ఒక వంకాయ పెట్టింది.

అమ్మ లేచింది. అయ్యగారు అడిగారు. అయింది అని అమ్మ చాలా స్పష్టంగా చెప్పింది. జనం ఎప్పటిలాగే ప్రేమదాసు పెదనాయన వైపు చూశారు, ఆయన తల ఊపాడు. అమ్మ ఎక్కడా తడబడలేదు. "నా బిడ్డ వెల్తురు పట్టే డబ్బి చేసింది. ఒక్కటి పడితే ఇరవై అయితది. అందరియి లొల్లి చేస్తయి, మా బిడ్డ రోజది లొల్లి చెయ్యది." చివర్లో ఒక మాట తనే కలిపింది. సర్కారు దవాఖానలో ఊడ్చిన చేతులు దేవుడు మరిచిపోలేదని. చప్పట్లు చాలాసేపు మోగాయి. పక్కన కూర్చున్నావిడ నా చేయి పట్టుకుంది.

భోజనాలయ్యాక హర్రాజు. బల్ల మీద పెట్టినవన్నీ వేలం పాట పాడతారు, వచ్చింది గుడికి పోతుంది. పాట నడిపేది ఎప్పుడూ మా బాపే. కోడి మీద పంతం పెరిగి ఇద్దరు బావామరుదులకు మాటలు ఆగిపోయాయి. నా పేపర్ వంతు వచ్చింది. ఎవరూ పాడరేమో అనుకున్నాను. పాడారు. చివరికి ప్రేమదాసు పెదనాయన అందరినీ దాటించి దక్కించుకున్నాడు. ఆయనకు చదువు రాదు. మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. ఫ్రేము కట్టిస్తాడట.

ఇంటికి వచ్చి వాంతి చేసుకున్నాను. బగారా అన్నంలో నూనె ఎక్కువైంది.

ఫిబ్రవరి 10, సోమవారం

నూనె కాదు.

ఫైలు తెరిచాను. రెండు గీతలు పక్కపక్కన పెట్టడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఒకే వెలుతురు. కంట్రోల్ ముక్కలో వచ్చినదానితో పోలిస్తే, పన్నెండు వోల్టుల దగ్గర మా ముక్కలో వచ్చింది అరవై శాతమే. పంతొమ్మిది దగ్గరికి వచ్చాక గానీ నిండలేదు. మేము ఒకటి అన్నది ఒకటి కాదు. కాబట్టి ఇరవై రెట్లు అన్నది పన్నెండు రెట్లే. మళ్ళీ లెక్క కడితే నాయిస్ అందరికీ వచ్చినంతే. ఎర్ర గీత నేల వదిలి లేచి, ఇరవై ఏళ్ళుగా అందరి గీతలు ఉన్నచోటికే వెళ్ళి కూర్చుంది.

నాకు ఆశ్చర్యం కలగలేదు. అది కూడా రాసి పెట్టాలి.

మీటరు మీద ఆ అంకెను లాబ్ మూసిన రోజే చూశాను. పన్నెండు దగ్గర మా ముక్క ఎంత ఇస్తుందో నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. కంట్రోల్ ముక్కలో అంతకంటే చాలా పెద్ద అంకె కనిపించింది. చూశాను, సేవ్ చేశాను, మీటరు ఆపేశాను, కేబుళ్ళు చుట్టి పెట్టాను. తర్వాత ఇంటికి వచ్చాను. సరిగ్గా చూడలేదని ఇక్కడ రాసింది కూడా నేనే. ఎవరూ చదవని డైరీలో ఎవరికోసం రాశానో.

ఫిబ్రవరి 11, మంగళవారం

సార్‌కు మెయిల్ పెట్టాను. నాలుగు వాక్యాలు. పాత ప్రోగ్రామ్‌లోని విలువ అలాగే ఉండిపోయిందని, కంట్రోల్ ముక్కతో పోల్చగా తేడా బయటపడిందని రాశాను. వాక్యాల్లో ఎక్కడా నేను లేను. ఉండిపోయింది, బయటపడింది. ఇంగ్లీషులో ఇలాంటి వాక్యాలు రాయడం మాకు మొదటి ఏడాదిలోనే నేర్పుతారు.

గంటలో జవాబు వచ్చింది. పేపర్ వెనక్కి తీసుకుందాం, అచ్చవకముందే పట్టుకున్నావు, అభినందనలు అని. అభినందనలు అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను.

తర్వాత వీరేశ్ ఫోన్. సార్ చెప్పినట్టున్నారు. ఇంటర్వ్యూ పిలుపు అతనికి నిన్ననే వచ్చిందట. పేపర్ గురించి రాసిన ఆ ఒక్క వాక్యం చూసే పిలిచారట. తర్వాత అడిగాడు.

"నీకు ఎప్పుడు ఎరుకైంది అక్కా?"

"నిన్న."

"నిన్న చూసి ఇయ్యాల చెప్పినవ్. ఇంక దీంట్ల నీ తప్పేముంది?"

అతను నన్ను ఓదార్చాడు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఏమీ లేదు.

ఫిబ్రవరి 13, గురువారం

అమ్మకు చెప్పాను. చెప్పకుండా హైదరాబాదు వెళ్ళిపోవచ్చని కూడా ఆలోచించాను. పేపర్ అచ్చయిందో లేదో ఖేడ్‌లో ఎవరు చూడొచ్చారు. కానీ ప్రేమదాసు పెదనాయన ఫ్రేము కట్టించాడని, దండ కూడా వేశాడని పొద్దున బాపు చెప్పాడు.

అమ్మ పప్పు ఏరుతోంది. కొలతలో తేడా వచ్చిందని, పేపర్ వెనక్కి తీసుకున్నామని, మళ్ళీ కొలవాలని చెప్పాను. ఎవరికైనా జరిగేదే అన్నట్టు చెప్పాను. అమ్మ విన్నది. పేపర్ గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

"నేను అడిగిననాడు నీకు ఎరుకేనా?"

ఫైలు తెరవలేదు కాబట్టి తెలియదనొచ్చు. గీతలు గీయలేదు కాబట్టి ఖాయంగా తెలియదనొచ్చు. అవి రెండూ అబద్ధాలు కావు. వాటిని ఈ ఇరవై రోజులూ నాకు నేను చెప్పుకున్నాను.

"ఎరుకే" అన్నాను.

అమ్మ చేతిలో ఉన్న రాయిని వేరుగా పెట్టింది. ఇంకో రాయి ఏరింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. సాయంత్రం దాకా నాతో వేరే సంగతులు మామూలుగానే మాట్లాడింది. బాపుకు ఏమీ చెప్పినట్టు లేదు. నాకు అమ్మ ముఖం చూడాలంటే సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

గుడికి రానన్నాను. తయారుకా అంది అమ్మ. తయారయ్యాను.

పాట అయ్యాక అయ్యగారు అడగ్గానే అమ్మ లేచింది. పోయిన వారమే సాక్ష్యం చెప్పిన మనిషి మళ్ళీ లేచిందని జనం అటు తిరిగారు. అయ్యగారు నవ్వారు. హన్నమ్మా, మళ్ళీ అయిందా అన్నారు. తర్వాత అలవాటు ప్రకారం పూర్తిగా అడిగారు.

"అయిందా, కావాల్నా?"

"కావాలె అయ్యగారు. పోయిన ఆదివారం అయిందని చెప్పిన. తప్పు చెప్పిన నేను. నా బిడ్డ పని ఇంకా కాలేదు. మళ్ల కొల్వాలెనట. అందరు ప్రార్థన చెయ్యుండ్రి."

అంతే చెప్పి కూర్చుంది. నా పేరు ఎత్తలేదు. ఎవరు చెబితే చెప్పిందో చెప్పలేదు. వెనక ఎవరో గుసగుసలాడారు. పోయిన వారం నా చేయి పట్టుకున్నావిడ ఈసారి కొంచెం జరిగి కూర్చుంది. బాపు నేలకేసి చూస్తున్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన చివర అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ప్రేమదాసు పెదనాయన.

నేను లేచి, అమ్మ తప్పు చెప్పలేదు అనాలి. లేవలేదు. కాళ్ళు రాలేదని రాయను. లేవలేదు.

బయట పెదనాయన దగ్గరికి వెళ్ళి ఆ కాగితం ఇచ్చేయమన్నాను, అందులోని గీత తప్పని. ఆయన ఒప్పుకోలేదు. "హర్రాజుల కొన్న. కొన్నది కొన్నదే బిడ్డా. సరైంది అయినంక తే, పక్కన పెడ్త." వేళాకోళం చేస్తున్నాడేమో అని చూశాను. చేయడం లేదు.

ఇంటికి వచ్చి అమ్మ జొన్న రొట్టెలు చేసింది. తిన్నాను. చేతులు కడుక్కుని మేడ మీదికి వెళ్ళి వీరేశ్‌కు ఫోన్ చేశాను. ముందు కుశలప్రశ్నలు అడగాలనుకున్నాను, అడగలేదు.

"నిన్న అని చెప్పిన గదా వీరేశ్. నిన్న కాదు. లాబ్ మూసిననాడే మీటర్ మీద చూసిన. నువ్వు అప్లికేషన్ పంపేటప్పటికి నాకు ఎరుకే."

అవతల ఎవరో కన్నడంలో అతన్ని భోజనానికి పిలుస్తున్నారు. వాళ్ళకు బదులివ్వకుండా నాతో "ఆయ్తు" అన్నాడు. సరే అని. మాట దొరకనప్పుడు అతనికి కన్నడమే వస్తుంది. ఫోన్ పెట్టేశాడు.

భయం వేసింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి భయం వేసిందని గుర్తుపట్టాను. ఇంతకుముందు ఉన్నది ఏమిటో, దానికి పేరేమిటో తెలియదు.

ఫిబ్రవరి 17, సోమవారం

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు వంకర.

లాబ్ ఇవాళ తెరుస్తారు. బస్టాండుకు అమ్మ వచ్చింది. కందిపప్పు రెండు సంచుల్లో కట్టింది. ఒకటి నాకు, ఒకటి వీరేశ్‌కు. ఇదివరకు అతనిదీ నా సంచిలోనే వేసేది. ఎందుకు విడిగా అంటే, "వానికి నువ్వే చేతికియ్యి" అంది. బస్సు కదిలేటప్పుడు అమ్మ ఎప్పటిలాగే చేయి ఊపింది. ఫోన్ చెయ్యమంది. నాకు ఏడుపొచ్చింది, కిటికీ అద్దం మూశాను.

ఊరి చివర చౌరస్తాలో వీరేశ్ నాగల్‌గిద్ద బస్సు దిగి ఇదే బస్సు ఎక్కాడు. నన్ను చూశాడు. నా పక్క సీటు ఖాళీగానే ఉంది. ముందుకు వెళ్ళి డ్రైవర్ వెనక కూర్చున్నాడు.

జోగిపేట.

సంగారెడ్డి దాటాక లేచి వచ్చాడు. కూర్చోలేదు, పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఏ వోల్టు దగ్గర నిండుగా వచ్చిందని అడిగాడు. పంతొమ్మిది అన్నాను. పొరలో మలినం ఎక్కువై ఉంటుంది, అది నా వల్లే అన్నాడు. అయినా పన్నెండు దగ్గర చూసుకోవాల్సింది నేను కదా అన్నాను. అవును అన్నాడు. కాదు అంటాడని ఎందుకు అనుకున్నానో.

ఇంటర్వ్యూలో ఏం చెబుతావని అడిగాను. కాలేదని చెప్తాను, అడిగితే ఎందుకు కాలేదో కూడా చెప్తాను అన్నాడు. పప్పు సంచి ఇచ్చాను. తీసుకున్నాడు. అమ్మ బాగుందా అని అడిగాడు. బాగుందన్నాను.

వెళ్ళబోతూ ఆగాడు.

"రెండో కంట్రోల్ ముక్క నా డ్రాయర్ల ఉంది. రేపు కొలుద్దాం. నేను వచ్చినంకనే మీటర్ పెట్టు."

నాలుగేళ్ళలో అతను నా కొలత దగ్గర ఎప్పుడూ నిలబడలేదు.

సరే అన్నాను.